పిల్లకి మొదటి ఫిడేలు కమాను: కొనేముందు ఏం చూడాలి?

ఫిడేలు కొన్నారు. పెట్టె తెరిస్తే కమాను, రోజిన్ బిళ్ల కూడా అందులోనే ఉన్నాయి. అన్నీ ఒకేసారి వచ్చేశాయని ఇంట్లో అందరూ సంతోషించారు. మూడు నెలలు తిరిగేసరికి పరిస్థితి మారింది. తీగ మీద కమాను పెడితే కిర్రుమంటోంది. మధ్యకి రాగానే వణుకుతోంది. కొసకి వెళ్తే పక్కకి జారిపోతోంది. సాయంత్రం సాధన మొదలవగానే పక్కింటివాళ్లు కిటికీ వేసుకుంటున్నారు. ఒకరోజు నానీ తేల్చేసింది: "దీనికి రాదులే, బుద్ధిగా చదువుకోమనండి." ఫిడేలు బీరువా పైకెక్కింది.

పేర్లు మార్చుకుంటే ఇది రాజమండ్రిలోనో, భీమవరంలోనో, అమలాపురంలోనో ఏ ఇంట్లోనైనా జరిగే ముచ్చటే. ఇలాంటప్పుడు అందరూ పిల్లని చూస్తారు, లేదంటే ఫిడేలుని చూస్తారు. పిల్ల కుడిచేతిలో ఉన్న కర్రని మాత్రం ఎవరూ చూడరు. తప్పు ఆ కర్రదే అయ్యుండొచ్చు. అందుకే మొదటి కమాను ఎలా ఎంచుకోవాలో కాస్త వివరంగా తెలుసుకుందాం.

కమాను మన మాటే

ఫిడేలు వాయించే కర్రని తెలుగులో 'కమాను' అంటారు. ఇది ఫారసీ నుంచి ఉర్దూలోకి, అక్కణ్ణుంచి తెలుగులోకి వచ్చిన మాట. కమాన్ అంటే విల్లు. లారీ కింద ఉండే కమాన్ కట్టలు, హైదరాబాద్‌లోని చార్ కమాన్ పేరు, అన్నీ ఆ వంపులోంచి పుట్టినవే. ఇరాన్‌లో కమానుతో వాయించే ఒక పాత వాయిద్యాన్ని కమాన్‌చా అంటారు. ఆ పేరుకి చిన్న విల్లు అనే అర్థం.

మాట ఒక్కటే కాదు, వస్తువు కూడా తూర్పు నుంచే నడిచి వెళ్లింది. 10వ శతాబ్దం నాటికే మధ్య ఆసియాలో, అరబ్ ప్రాంతాల్లో, బైజాంటియంలో కమానుతో వాయించే వాయిద్యాలు ఉన్నాయి. ఐరోపాకి అవి ఆ తర్వాత చేరాయి. అక్కడ వయొలిన్‌గా రూపం మార్చుకుని, సుమారు 1800 ప్రాంతంలో మద్రాసు వైపు కర్ణాటక సంగీతంలోకి వచ్చాయి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతానికి మలిచినవారిలో ముందువరసలో ఉంటారు.

తెలుగు నేల మీద ఫిడేలు పేరు చెప్తే ద్వారం వెంకటస్వామి నాయుడు గారే గుర్తొస్తారు. ఆయన 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన వాయిద్యం గురించి సంగీతం తెలిసినవాళ్లు మాట్లాడితే ముందు కుడిచేతి గురించే, ఆ కమాను తీరు గురించే చెప్తారు. పద్మశ్రీ అందుకున్న వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు పశ్చిమ గోదావరి జిల్లా సోమవరప్పాడులో 1926లో పుట్టారు.

తెలుగు ముస్లిం కుటుంబాలకి కూడా ఈ సంగీతం పరాయిది కాదు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వరంలో 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. సంగీతం నేర్పించాలా వద్దా అన్నదాని మీద ఒక్కో ఇంట్లో ఒక్కో ఆలోచన ఉంటుంది. అది ఇంటి పెద్దలు కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. నేర్పించాలని అనుకున్నవాళ్ల కోసమే ఈ వివరాలు.

కమాను చేసే పని

కమానుకి కట్టేవి గుర్రం తోక వెంట్రుకలు. ఒక ఫిడేలు కమానులో సుమారు 150 నుంచి 200 దాకా ఉంటాయి. ఆ వెంట్రుకలకి రోజిన్ రుద్దుతారు. రోజిన్ అంటే పైన్ చెట్టు జిగురు నుంచి తయారయ్యే గట్టి బిళ్ల. అది అంటిన వెంట్రుక తీగని పట్టుకుని లాగుతుంది, వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకి కొన్ని వందలసార్లు ఇలా జరుగుతుంది. మనకి వినిపించే నాదం అదే.

ఎడమచేతి వేళ్లు ఏ స్వరమో చెప్తాయి. ఆ స్వరం నిండుగా ఉండాలా, సన్నగా ఉండాలా, ఎంతసేపు నిలవాలి అన్నది కమాను చూసుకుంటుంది. సరళి స్వరాలు మొదటి కాలంలో వాయించేటప్పుడు ఒక్కో స్వరానికి కమాను ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా, వణక్కుండా నడవాలి. కర్ర వంకరగా ఉంటే, బరువు ఒకవైపే ఉంటే, పిల్ల ఎంత శ్రద్ధగా లాగినా అలా నడవదు. పైగా కర్ర జారకుండా ఆపాలని పిల్ల మణికట్టు బిగబడుతుంది. ఆ బిగువు అలవాటైపోతే తర్వాత మంచి కమాను కొనిచ్చినా చెయ్యి వదులవడానికి నెలలు పడుతుంది.

ముందు సైజు

చిన్నపిల్లల ఫిడేళ్లు 1/4, 1/2, 3/4 అనే సైజుల్లో వస్తాయి. పెద్దవాళ్లది 4/4. కమాను కూడా అదే సైజుది కావాలి. 4/4 కమాను సుమారు 74, 75 సెంటీమీటర్లు ఉంటుంది, బరువు 60 గ్రాములకి కాస్త అటూ ఇటూ. 3/4 కమాను సుమారు 69, 1/2 కమాను సుమారు 62 సెంటీమీటర్లు.

"ఎలాగూ పెరుగుతుంది కదా, పెద్దదే కొనేద్దాం" అని చాలామంది అనుకుంటారు. పండక్కి బట్టలు ఒక సైజు పెద్దవి కుట్టిస్తే నష్టం లేదు. కమాను విషయంలో అది కుదరదు. చెయ్యి పొట్టిగా, కర్ర పొడుగ్గా ఉంటే కొస దాకా లాగడానికి పిల్ల భుజాన్ని వెనక్కి తిప్పుతుంది, కమాను తీగకి అడ్డంగా కాకుండా ఏటవాలుగా వెళ్తుంది. మామూలుగా 11, 12 ఏళ్లు దాటాక 4/4 సరిపోతుంది, కానీ వయసు కంటే చేతి పొడవే ముఖ్యం. మాస్టారు ఒకసారి చూస్తే ఇట్టే చెప్పేస్తారు.

ఏ కర్ర మంచిది?

కొట్లో వినిపించే పేర్లు మామూలుగా మూడు, నాలుగు.

పెర్నంబుకో: బ్రెజిల్‌లో పెరిగే చెట్టు. 18వ శతాబ్దం చివర్లో పారిస్‌లో ఫ్రాన్స్వా జేవియర్ తూర్త్ అనే పనివాడు ఇప్పటి కమాను రూపాన్ని స్థిరపరిచాడు. అప్పటినుంచీ పెద్ద విద్వాంసులు కోరుకునే కర్ర ఇదే. చెట్టు అరుదైపోవడంతో 2007లో దీన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందమైన సైట్స్ జాబితాలో చేర్చారు. మొదటి కమానుకి దీని అవసరం లేదు. ఎవరైనా చవగ్గా పెర్నంబుకో ఇస్తామంటే నమ్మనక్కర్లేదు.

బ్రెజిల్‌వుడ్: పేరులో బ్రెజిల్ ఉంది గానీ, ఈ పేరుతో రకరకాల కర్రలు అమ్ముతారు. సెట్టులో వచ్చే కమానుల్లో ఎక్కువ ఇవే. వీటిలో మంచివీ ఉన్నాయి, పనికిరానివీ ఉన్నాయి. పేరు చూసి కాదు, ఆ ఒక్క కర్రని చేతిలోకి తీసుకుని చూసే తేల్చుకోవాలి.

ఫైబర్‌గ్లాస్: గట్టిది, చవక. కిందపడినా తట్టుకుంటుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలకి సరిపోతుంది. నాదంలో అంత తేడా చూపించదు.

కార్బన్ ఫైబర్: తేలిక, నిటారుగా ఉంటుంది, వాతావరణానికి వంగదు.

గోదావరి డెల్టాలో ఈ చివరి మాట గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ రోహిణి కార్తెలో ఎండ మాడుస్తుంది, వానాకాలం మొదలైతే గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. చవక కర్ర ఆ వేడికీ చెమ్మకీ ఒక పక్కకి తిరిగిపోతుంది. అందుకని మొదటి కమానుగా ఓ మోస్తరు కార్బన్ ఫైబర్‌దైనా తీసుకోవచ్చు, బాగా పరీక్షించిన బ్రెజిల్‌వుడ్‌దైనా తీసుకోవచ్చు. రెండూ ఒకే ధరలో దొరికితే, ఇంట్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు పరుగులు పెడుతుంటే, కార్బన్ ఫైబర్ వైపు మొగ్గడమే మంచిది.

పాత కమాను సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. పాతవాటిలో కొన్నిటికి కొసన ఏనుగు దంతం ముక్క ఉంటుంది. మన దేశంలో దంతం వ్యాపారం నిషిద్ధం. అలాంటిది వద్దనడమే క్షేమం.

కొట్లో చేయాల్సిన ఆరు పరీక్షలు

ఇవి చేయడానికి సంగీతం రానక్కర్లేదు. అబ్బా ఒక్కరే వెళ్లినా మొదటి అయిదూ చేసుకోవచ్చు.

1. వంకర. వెంట్రుకలు వదులు చేసి, తుపాకీ గురి చూసినట్టు పట్టుకునే వైపు నుంచి కర్ర వెంబడి ఒక కన్నుతో చూడాలి. కుడికో ఎడమకో తిరిగి ఉంటే పక్కన పెట్టేయాలి. ఇందులో మొహమాటం వద్దు.

2. వంపు. వదులుగా ఉన్నప్పుడు కర్ర మధ్యభాగం వెంట్రుకల వైపుకి వంగి, దాదాపు తాకుతున్నట్టు ఉండాలి. మర తిప్పి బిగించాక కూడా ఆ వంపు కొంత మిగలాలి. మధ్యలో ఒక పెన్సిల్ పట్టేంత సందు వస్తే చాలు. ఆ మాత్రం బిగువుకే కర్ర తిన్నగా అయిపోతే, దానిలో పట్టు లేదని అర్థం.

3. మర. కర్ర చివర ఉండే మర నున్నగా తిరగాలి. చేతితో పట్టుకునే చోట ఉండే నల్లటి ముక్కని ఫ్రాగ్ అంటారు. అది మరతోపాటు ముందుకీ వెనక్కీ జరగాలి, కానీ పక్కలకి ఊగకూడదు.

4. వెంట్రుకలు. రిబ్బన్‌లాగా సమంగా పరుచుకుని ఉండాలి. ఒక అంచు బిగుతుగా, ఇంకో అంచు వదులుగా ఉంటే కమాను తిరుగుతుంది. వేలితో మాత్రం ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటినచోట రోజిన్ పట్టదు.

5. తూకం. చూపుడువేలు మీద కర్రని అడ్డంగా నిలబెట్టాలి. 4/4 కమాను అయితే మర ఉన్న చివర నుంచి సుమారు పాతిక సెంటీమీటర్ల దగ్గర నిలవాలి. ఇది గీత గీసినట్టు ఉండే లెక్క కాదు. కానీ బాగా తేడా ఉంటే కొస బరువై పిల్ల చిటికెనవేలు నొప్పి పెడుతుంది, లేదా కొస తేలికై తీగ మీద ఎగురుతుంది.

6. వాయించి చూడటం. ఒకే ఫిడేలు మీద, ఒకే రోజిన్‌తో, మూడు కమానులు పెట్టుకుని చూడాలి. ఖాళీ తీగ మీద ఎనిమిది లెక్కపెడుతూ ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా లాగాలి. మధ్యలో వణుకుతోందా? కొస దగ్గర నాదం ఆరిపోతోందా? ఈ పని మాస్టారు చేస్తే మరీ మంచిది. ఆ తర్వాత పిల్ల చేత కూడా వాయించాలి. కర్ణాటక పద్ధతిలో నేల మీద కూర్చుని, ఫిడేలు తలని కుడిపాదం మీద ఆనించి వాయిస్తారు కాబట్టి, కొట్లో నిలబడి కాకుండా కూర్చునే చూడాలి. అదే కర్ర కూర్చుంటే వేరేగా అనిపించొచ్చు.

ఆన్‌లైన్‌లో కొంటే ఇవేవీ ముందు చేయలేం. అలాంటప్పుడు తిరిగి తీసుకుంటారో లేదో చూసుకుని ఆర్డర్ పెట్టాలి. పార్సిల్ వచ్చిన రోజే ఈ పరీక్షలు చేయాలి, వచ్చే వారం చూద్దాం అనుకుంటే గడువు దాటిపోతుంది.

డబ్బు లెక్క

మామూలుగా జరిగేది ఏంటంటే, ఉన్న డబ్బంతా ఫిడేలుకి పోతుంది. కమాను ఎలాగూ ఉచితంగా వస్తుంది కదా అనుకుంటారు. సెట్టులో ఏదీ ఉచితం కాదు. ధర తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందుగా కోత పడేది కమాను మీదే, ఎందుకంటే కొనేవాళ్లు దాన్ని చూడరు.

చేతిలో 10,000 రూపాయలు ఉన్నాయనుకోండి. మొత్తం ఫిడేలు మీద పెట్టకుండా 6,500 ఫిడేలుకి, 2,000 కమానుకి, 500 రోజిన్‌కీ అదనపు తీగలకీ కేటాయించి, 1,000 చేతిలో ఉంచుకోవచ్చు. ఇవి మార్కెట్ ధరలు కావు, లెక్క వేసుకునే తీరు మాత్రమే. ఫిడేలు ఖర్చులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా కమానుకి ఉంచాలన్నది వాయించేవాళ్లు అనుకునే మోటు లెక్క.

వెంట్రుకలు అరిగిపోతే మళ్లీ కట్టించొచ్చు. కానీ మరీ చవక కమానుకి కట్టించే కూలి కొత్తదాని ధరకి దగ్గరగా వస్తుంది, ఆ పనివాళ్లు చిన్న ఊళ్లలో దొరకడం కూడా కష్టం. కొనేటప్పుడే కొట్టువాళ్లని "వెంట్రుకలు మార్చిస్తారా?" అని అడగడం మంచిది.

ఇప్పటికే ఇంట్లో సెట్టు ఉంటే కొత్తది కొనేముందు ఒక పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. మాస్టారి కమాను అడిగి తీసుకుని, పిల్ల తన ఫిడేలు మీద అయిదు నిమిషాలు వాయించాలి. తర్వాత పిల్ల కమానుతో మాస్టారు వాయించాలి. మంచి కమానుతో పిల్ల నాదం తేటపడితే, పిల్ల కమానుతో మాస్టారి చేతిలోనూ వణికితే, లోపం ఎక్కడుందో తేలిపోయినట్టే. అప్పుడు ఫిడేలు మార్చనక్కర్లేదు, కమాను మార్చితే చాలు. తేడా ఏమీ లేకపోతే తీగలు, ఫిడేలు, సాధన, ఈ మూడిట్లో కారణం వెతకాలి.

కొన్నాక

కొత్త కమాను తీగ మీద పెడితే అసలు శబ్దమే రాకపోవచ్చు. పాడైందని కంగారు పడొద్దు. కొత్త వెంట్రుకలకి రోజిన్ ఉండదు. బిళ్ల అద్దంలా నున్నగా ఉంటే సన్న గరుకు కాగితంతో కాస్త రుద్ది, తర్వాత కమానుని దాని మీద మెల్లగా చాలాసార్లు నడిపించాలి. ఆ తర్వాత సాధనకి ముందు నాలుగైదు సార్లు రుద్దితే సరిపోతుంది. ఎక్కువైతే తెల్లటి పొడి రాలి నాదం గరగరమంటుంది.

సాధన అయిపోగానే మర తిప్పి వదులు చేయాలి. అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు ఇదే. వానాకాలంలో చెమ్మకి వెంట్రుకలు సాగుతాయి, పొడిగాలికి కుంచించుకుంటాయి. బిగించి పెట్టేసిన కమాను మీద ఆ లాగుడు పడితే కర్ర వంపు పోతుంది, ఒక్కోసారి కొస విరిగిపోతుంది. ఎండలో నిలబెట్టిన కారులో, బైకు డిక్కీలో పెట్టి వదిలేయకూడదు.

సెలవుల్లో ఫిడేలు పెట్టెని నెలల తరబడి మూసి ఉంచినా ప్రమాదమే. చీకట్లో చేరే చిన్న పురుగులు వెంట్రుకలని కొరికేస్తాయి. పెట్టె తెరవగానే వెంట్రుకలు ఊడి వేలాడుతుంటే కారణం అదే అయ్యుండొచ్చు. వారానికోసారి తెరిచి, దులిపి, వెలుతురు తగలనిస్తే చాలు. వాయించేటప్పుడు ఒకటీ అరా తెగితే పీకకుండా కత్తెరతో కత్తిరించాలి.

డబుల్ బాస్ నేర్చుకుంటే?

పాత సినిమా పాటల రికార్డింగుల్లో మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు ఉండేది. అదే డబుల్ బాస్. గోదావరి జిల్లాల్లో నేర్పేవాళ్లు దొరకడం కష్టం గానీ, పెద్ద ఊళ్లకి వెళ్లి పాశ్చాత్య సంగీతం చదవాలనుకునే పిల్లలకి ఇప్పుడు దారులున్నాయి. చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ 2008లో ప్రారంభించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ అలాంటి చదువు చెప్పేదే.

డబుల్ బాస్ కమానులో రెండు రకాలున్నాయి. ఫ్రెంచి కమానుని ఫిడేలు కమానులాగే పైనుంచి పట్టుకుంటారు. జర్మన్ కమానుకి ఫ్రాగ్ ఎత్తుగా ఉంటుంది, దాన్ని అరచెయ్యి కింద నుంచి పెట్టి పట్టుకుంటారు. సారంగి ఉస్తాదులు గజ్ పట్టుకునే తీరు చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. రెండిట్లో ఏది మేలంటే జవాబు లేదు. నేర్పేవాళ్లు ఏది పడితే అదే కొనాలి. బరువు ఫిడేలు కమానుకి రెట్టింపు పైగా ఉంటుంది. రోజిన్ కూడా మెత్తటి రకం వేరే దొరుకుతుంది, ఫిడేలు రోజిన్ పనికిరాదు. పెద్దవాళ్లు కూడా మామూలుగా 3/4 బాసే వాయిస్తారు కాబట్టి, ఆ అంకె చూసి పిల్లల సైజు అనుకోకూడదు. వంకర, వంపు, మర, వెంట్రుకల పరీక్షలు మాత్రం అవే.

ఎవరి ఖాతాలో?

మొదటి కమాను గొప్పది కానక్కర్లేదు. తిన్నగా ఉండాలి, చేతికి సరిపోవాలి, వానకీ ఎండకీ నిలవాలి. అంతే. అలాంటి కమాను చేతిలో ఉన్నాక కూడా మొదటి ఏడాది కిర్రుమనే శబ్దాలు వస్తాయి. ఫిడేలు నేర్చుకున్నవాళ్లందరూ ఆ దశ దాటి వచ్చినవాళ్లే. కానీ అప్పుడు వచ్చే తప్పు సాధనతో సర్దుకునే తప్పు. వంకర కర్రతో వచ్చేది ఎంత సాధన చేసినా పోదు.

లెక్కల పుస్తకంలో ఒకరి బాకీని ఇంకొకరి ఖాతాలో రాస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. కర్ర లోపాన్ని పిల్ల ఖాతాలో రాయడం కూడా అలాంటిదే. బీరువా పైన ఫిడేలు పెట్టె ఉన్నవాళ్లు ఈ ఆదివారం దాన్ని దించి, కమానుని ఒక కన్నుతో ఒకసారి చూడండి. నానీ చెప్పిన తీర్పు మార్చాల్సి రావొచ్చు.